సోలార్ వారంటీ అవసరానికి అక్కరకొచ్చేలా చూసుకోవడం ఎలా?

హన్మకొండ, కరీంనగర్, మంచిర్యాల, ఏ ఊళ్లో ఏ కాలనీకి పోయినా ఇప్పుడు మిద్దెల మీద సోలార్ ప్యానెళ్లు కనిపిస్తున్నాయి. ఇళ్ల మీద సోలార్ పెట్టించుకునేవాళ్లకు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైంది. 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30,000 రూపాయలు, మూడో కిలోవాట్‌కు 18,000, మొత్తం 78,000 దాకా సబ్సిడీ వస్తోంది. పెట్టించేటప్పుడు అందరికీ వినిపించే మాట ఒకటే: "25 ఏళ్ల వారంటీ సార్, ఫికర్ చేయొద్దు." ఆ మాట అబద్ధం కాదు. కానీ ఆ 25 ఏళ్లు దేనికి, ఎవరిస్తున్నారు, చెడిపోయిన రోజు మిద్దెక్కి చూడాల్సింది ఎవరు? ఇవి పైసలు కట్టకముందే కాగితం మీదికి రావాలి. కట్టిన తర్వాత అడిగితే ఇన్‌స్టాలర్ కంపెనీని చూపిస్తాడు, కంపెనీ ఇన్‌స్టాలర్‌ను చూపిస్తుంది. ఇద్దరి మధ్య మీ కరెంటు బిల్లు మళ్లీ పెరుగుతుంది.

మొదటి పని: వారంటీలను విడదీసి చూడండి

ఒక సోలార్ సిస్టమ్‌కు ఒక వారంటీ ఉండదు. కనీసం నాలుగుంటాయి.

ప్యానెల్‌కే రెండు. ఒకటి ప్రొడక్ట్ వారంటీ: తయారీ లోపం, అద్దం లోపల పొరలు ఊడటం, వెనక షీటు పగుళ్లు, వైర్లు బయటికొచ్చే జంక్షన్ బాక్స్ చెడిపోవడం వంటివి ఇందులోకి వస్తాయి. ఇది చాలా కంపెనీలకు 10 నుంచి 12 ఏళ్లే, కొన్ని ఇంకా ఎక్కువ ఇస్తాయి. రెండోది పర్ఫార్మెన్స్ వారంటీ. సేల్స్‌వాళ్లు చెప్పే 25 ఏళ్లు ఇదే. ఏళ్లు గడిచేకొద్దీ ప్యానెల్ శక్తి కొంచెం కొంచెం తగ్గుతుంది, 25వ ఏడు చివర కూడా దాదాపు 80 శాతానికి కిందికి పోదని కంపెనీ ఇచ్చే మాట. 540 వాట్ల ప్యానెల్ అయితే అప్పటికి 432 వాట్లు ఇవ్వాలన్నమాట. 15వ ఏట జంక్షన్ బాక్స్ కాలిపోతే పర్ఫార్మెన్స్ వారంటీ పట్టుకొని ఆ బాక్స్ మార్చమని అడగడం కష్టం. అందుకే కొనేటప్పుడు ప్రొడక్ట్ వారంటీ ఎన్నేళ్లో ముందడగండి. నన్నడిగితే రెండు బ్రాండ్ల మధ్య తేల్చుకోలేనప్పుడు చూడాల్సిన అంకె అదే.

ప్యానెల్ నుంచి వచ్చే డీసీ కరెంటును ఇంట్లో వాడే ఏసీగా మార్చే ఇన్వర్టర్‌ది వేరే కంపెనీ, వేరే వారంటీ. 5 నుంచి 10 ఏళ్లు. సిస్టమ్ మొత్తంలో ముందుగా చెడిపోయే అవకాశం ఉన్నది ఇదే, ఎందుకంటే లోపలి కెపాసిటర్లకు వేడి పడదు. మన దగ్గర రామగుండం, మంచిర్యాల వైపు మే నెల ఎండలు తెలిసినవే. ఎండ నేరుగా కొట్టే పడమటి గోడకు ఇన్వర్టర్ బిగిస్తే అది ఎక్కువ కాలం నిలవదు.

నాలుగోది పనితనం వారంటీ, అంటే బిగించిన పని నాణ్యతకు ఇచ్చేది. స్ట్రక్చర్ (ప్యానెళ్లను నిలబెట్టే చట్రం), వైరింగ్, ఎర్తింగ్, కనెక్టర్లు, స్లాబ్‌కు కొట్టిన రంధ్రాల్లోంచి నీళ్లు దిగకుండా చూడటం, ఇదంతా బిగించిన ఇన్‌స్టాలర్ బాధ్యత. పీఎం సూర్యఘర్ కింద పెట్టించుకుంటే వెండర్‌తో (పథకంలో నమోదైన ఇన్‌స్టాలర్‌తో) చేసుకునే నమూనా ఒప్పందంలో 5 ఏళ్ల మెయింటెనెన్స్ వెండర్‌దేనని ఉంటుంది. చాలామంది ఆ ఒప్పందం మీద సంతకం పెడతారు గాని కాపీ తీసుకోరు. తీసుకోండి.

రెండో పని: కొటేషన్‌లోనే రాయించుకోండి

"6 ప్యానెళ్లు, 1 ఇన్వర్టర్, ఫిట్టింగ్‌తో సహా" అని ఒక్క లైన్ కొటేషన్ ఇస్తే వెనక్కి ఇచ్చేయండి. ప్యానెల్ కంపెనీ పేరు, మోడల్ నంబర్, వాట్లు ఉండాలి. సబ్సిడీ కావాలంటే ప్యానెల్‌తో పాటు లోపలి సెల్స్ కూడా మన దేశంలో తయారైనవే కావాలి, వీటిని డీసీఆర్ ప్యానెళ్లంటారు. ఆ మాట కొటేషన్‌లో, బిల్లులో రెండింట్లోనూ ఉండాలి. ఇన్వర్టర్ మోడల్, డీసీ కేబుల్ కంపెనీ, సైజు, స్ట్రక్చర్‌కు తుప్పు పట్టకుండా వేసే జింకు పూత (గాల్వనైజింగ్) మందం కూడా అడగండి. హాట్ డిప్ గాల్వనైజింగ్ 80 మైక్రాన్లు అని రాసే ఇన్‌స్టాలర్ పని తెలిసినవాడు. "జీఐ పైపులు సార్" అని ఊరుకునేవాడిని ఇంకో రెండు ప్రశ్నలు అడగాల్సిందే.

తర్వాత, ఎవరూ రాయని నాలుగు వాక్యాలు రాయించండి. చెడిపోయిందని చెప్పాక ఎన్ని రోజుల్లో మనిషి వచ్చి చూస్తాడు. వారంటీలో కొత్త ప్యానెల్ వస్తే పాతది దించి, రవాణా చేసి, కొత్తది బిగించే ఖర్చు ఎవరిది. కంపెనీకి క్లెయిమ్ పెట్టే పని ఇన్‌స్టాలర్ చేస్తాడా, మీరే చేసుకోవాలా. స్లాబ్ కారితే ఎన్నేళ్ల దాకా వచ్చి సరిచేస్తాడు. రెండో వాక్యం చాలా ముఖ్యం. తయారీ కంపెనీల వారంటీ పత్రాల్లో ఎక్కువగా వస్తువు ఒక్కటే ఇస్తామని, కూలి, రవాణా తమది కాదని ఉంటుంది. మూడో అంతస్తు మీది ప్యానెల్ దించి ఎక్కించాలంటే ఆ ఖర్చు చిన్నదేం కాదు.

పైసలు ఒక్కసారే ఇవ్వొద్దు. నెట్ మీటర్ (మీరు వాడిన కరెంటుతో పాటు లైన్‌కు పంపిందీ లెక్కేసే మీటర్) బిగించి, సిస్టమ్ ఆన్ అయి, కాగితాలన్నీ చేతికొచ్చేదాకా కొంత ఆపుకోండి. బ్యాంకు లోన్ అయితే సొమ్ము నేరుగా వెండర్ ఖాతాకే పోతుంది. అట్లయినా చివరి విడత ఎప్పుడు విడుదల చేస్తారో బ్యాంకులో ముందే మాట్లాడుకోవచ్చు. జీఎస్టీ బిల్లు లేకుండా తక్కువకు ఇస్తానంటే ఒప్పుకోకండి. బిల్లు లేకపోతే రేపు వారంటీ అడగడానికీ, కేసు వేయడానికీ పునాది ఉండదు.

మూడో పని: సరుకు దిగిన రోజు మీరు ఇంట్లో ఉండండి

ప్యానెళ్లు మిద్దె ఎక్కాక వెనక స్టిక్కర్ చూడాలంటే కష్టం. ఆటో ట్రాలీలోంచి దింపి గోడకు ఆనించినప్పుడే ఒక్కో ప్యానెల్‌నూ వెనక్కి తిప్పించండి. స్టిక్కర్ మీద మోడల్, వాట్లు, ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ, షార్ట్ సర్క్యూట్ కరెంటు, కింద సీరియల్ నంబర్ ఉంటాయి. అదే నంబర్ ముందు వైపు అద్దం కింద, అంచు దగ్గర సన్నటి బార్‌కోడ్ పట్టీ మీద కూడా సాధారణంగా ఉంటుంది. ఆ పట్టీ లామినేషన్ లోపల ఉంటుంది కాబట్టి దాన్ని మార్చలేరు. వెనకది ఒకటి, లోపలిది ఇంకొకటి ఉంటే ఆ ప్యానెల్‌ను పైకి ఎక్కనివ్వకండి. రెండింటి ఫొటోలు తీసి బిల్లులో ఉన్న నంబర్లతో పోల్చండి. బిల్లులో సీరియల్ నంబర్లు లేకపోతే వెనక జత చేసిన జాబితా అడగండి. డీసీఆర్ ప్యానెలా కాదా అన్నది సీరియల్ నంబర్‌తో సరిచూసుకునే ఆన్‌లైన్ ఏర్పాటు కూడా ఉంది. ఇన్‌స్టాలర్‌తోనే మీ ముందు చూపించమనండి.

అద్దం మీద గీతలు, ఫ్రేమ్ మూలల్లో సొట్టలు ఉంటే అప్పుడే చెప్పాలి. ప్యానెళ్లను తల మీద మోస్తూ మెట్లెక్కడం, పడుకోబెట్టి వాటి మీద నడవడం చూస్తే ఆపించండి. కాలి బరువుకు అద్దం పగలదు గాని లోపలి సెల్స్‌లో కంటికి కనపడని సన్న పగుళ్లు వస్తాయి. ఏడాది రెండేళ్లకు అక్కడ వేడి పుట్టి మచ్చలు తేలతాయి. అప్పుడు కంపెనీ "ఫిట్టింగ్‌లో తప్పు" అంటుంది, ఆ మాట నిజమే అవుతుంది.

నాలుగో పని: బిగించేటప్పుడు కనెక్టర్లు చూడండి

అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టేది అరచేతిలో పట్టే ప్లాస్టిక్ కనెక్టర్. ప్యానెల్ నుంచి వచ్చే వైరు చివర ఒక కంపెనీ కనెక్టర్, ఇన్‌స్టాలర్ తెచ్చిన కేబుల్ చివర ఇంకో కంపెనీది ఉంటుంది. రెండూ టక్కున అతుక్కుంటాయి. కానీ లోపలి లోహాలు, కొలతలు సరిగ్గా కలవవు. రోజూ ఎండకు సాగి, రాత్రికి ముడుచుకొని, ఆ జాయింట్ వదులై వేడెక్కుతుంది. సోలార్ మంటల్లో చాలా వాటికి మొదలు ఇక్కడే. రెండు వైపులా ఒకే కంపెనీ, ఒకే రకం కనెక్టర్ వాడమనండి. పిన్నును కట్టింగ్ ప్లేయర్‌తో నొక్కుతుంటే ఆపి, క్రింపింగ్ టూల్ తెమ్మనండి.

హన్మకొండలో ఒక ఇంట్లో వానాకాలం వచ్చిందంటే పొద్దున ఇన్వర్టర్ ఎర్ర లైటుతో ఆగిపోయేది. తెర మీద ఇన్సులేషన్ ఫాల్ట్. పదకొండు గంటలకు ఎండ కాస్తే దానంతట అదే నడిచేది. ఇన్వర్టర్ కంపెనీవాళ్లు వచ్చి మిషన్ బాగుందని పోయారు. మిద్దె మీద ప్యానెళ్ల కింద వంగి చూస్తే కనెక్టర్లు గాలిలో వేలాడకుండా స్లాబ్ మీద పడి ఉన్నాయి, నీళ్లు పోయే దారిలో. వాన నీళ్లు నిలిచినప్పుడల్లా కరెంటు ఎర్త్‌కు లీకవుతోంది, ఇన్వర్టర్ జాగ్రత్తగా ఆగిపోతోంది. కేబుళ్లను ఫ్రేమ్‌కు కట్టి, నానిన కనెక్టర్లు మార్చాక ఆ ఫాల్ట్ మళ్లీ రాలేదు. ఇది ముమ్మాటికీ ఇన్‌స్టాలర్ పనితనం లోపం. ఇన్వర్టర్ వారంటీతో దీనికి సంబంధమే లేదు.

ఎర్తింగ్ గుంతలు మూడు: డీసీకి, ఏసీకి, పిడుగు రాడ్‌కు విడివిడిగా. మూడూ తవ్వారా, బొగ్గు, ఉప్పు వేశారా, కెమికల్ ఎర్తింగా అన్నది ఫొటోలు తీసి పెట్టుకోండి. పూడ్చాక ఎవరికీ కనిపించదు.

ఇన్వర్టర్ ఎక్కడ బిగించాలో మీరే చెప్పండి. నీడ, గాలి ఆడే చోటు, పిల్లలకు అందని ఎత్తు. వరంగల్, హన్మకొండ పల్లపు కాలనీల్లో ఇంకోటి కూడా చూడాలి. 2020 ఆగస్టులో, 2023 జూలైలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద మీకే తెలుసు. ఆ గీత కంటే బాగా పైన ఉండాలి. నీట మునిగిన ఇన్వర్టర్‌కు వారంటీ వర్తించదు.

ఐదో పని: యాప్ మీ పేరు మీద ఉండాలి

ఇప్పటి ఇన్వర్టర్లకు వైఫై డాంగిల్ ఉంటుంది. ఎంత కరెంటు పుట్టింది, ఎప్పుడు ఏ ఫాల్ట్ వచ్చింది అన్నీ కంపెనీ యాప్‌లో నమోదవుతాయి. ఇన్‌స్టాలర్లు చాలామంది తమ ఖాతాలోనే మీ ఇన్వర్టర్‌ను చేర్చి, మీకు చూసే వీలు మాత్రం ఇస్తారు. రేపు ఆ షాపు మూతపడితే మీ లెక్కలన్నీ దానితోనే పోతాయి. యజమాని ఖాతా మీ ఫోన్ నంబర్ మీద తెరిపించండి. కొన్ని కంపెనీలు వెబ్‌సైట్‌లో నమోదు చేసుకుంటేనే పూర్తి వారంటీ ఇస్తాయి, అదీ అదే రోజు చేయించండి.

మొదటి ఏడాది ప్రతి నెలాఖరున యూనిట్ల లెక్క స్క్రీన్‌షాట్ తీసి దాచండి. మన ప్రాంతంలో ఏడాది సగటున కిలోవాట్‌కు రోజుకు 4 యూనిట్ల దాకా లెక్కేసుకోవచ్చు. ఎండాకాలంలో పైకి, ముసురు పట్టిన జూలై, ఆగస్టుల్లో బాగా కిందికి పోతుంది. ఈ ఏడు ఏప్రిల్‌ను వచ్చే ఏడు ఏప్రిల్‌తో పోల్చాలి గాని మార్చిని జూలైతో పోలిస్తే ఏమీ తేలదు.

మే నెలలో మధ్యాహ్నం 540 వాట్ల ప్యానెల్ 540 ఇవ్వలేదని గాబరా పడకండి. ఆ అంకె 25 డిగ్రీల వద్ద ల్యాబ్‌లో కొలిచింది. ప్యానెల్ 65 డిగ్రీలకు కాగితే, డిగ్రీకి 0.35 శాతం చొప్పున దాదాపు 14 శాతం తగ్గుతుంది, అంటే 464 వాట్లు. ఎండ దిగితే మళ్లీ పెరుగుతుంది. ఇది లోపం కాదు, ఏ వారంటీలోనూ రాదు.

వారంటీ పోగొట్టుకునే దారులు

ఇవి చాలావరకు మన చేతిలోవే. ప్యానెల్ మీద నిలబడి కడగటం, గట్టి బ్రష్షుతో రుద్దటం, ప్రెషర్ పంపు కొట్టడం, ఫ్రేమ్‌కు కొత్త రంధ్రాలు వేయించడం, స్టిక్కర్ పీకేయడం, ఇల్లు మారేటప్పుడు కంపెనీకి చెప్పకుండా వేరే చోట బిగించుకోవడం. గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి వైపు బొగ్గు దుమ్ము, కరీంనగర్ గ్రానైట్ క్వారీల పక్కన రాతి దుమ్ము త్వరగా పేరుకుంటాయి. అక్కడ ఎక్కువసార్లు కడగాలి. పొద్దున్నే, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు, మెత్తటి గుడ్డ కర్రతో, ఉప్పు తక్కువున్న నీళ్లతో. బోరు నీళ్లు ఆరితే తెల్ల మరకలు పడతాయి.

కోతుల సంగతి వేరుగా చెప్పాలి. మన జిల్లాల్లో వాటి బెడద తెలియని ఇల్లు లేదు. ప్యానెళ్ల మీద దూకుతాయి, కింద వేలాడే వైర్లు లాగుతాయి. ఇది తయారీ లోపం కాదు, కంపెనీ ఇవ్వదు. కానీ వైర్లు పైపులో పెట్టకుండా వదిలేస్తే అది ఇన్‌స్టాలర్ తప్పే. రాళ్ల వాన కూడా ఇలాంటిదే. ప్యానెళ్లను 25 మిల్లీమీటర్ల మంచు గోళాలను సెకనుకు 23 మీటర్ల వేగంతో కొట్టి పరీక్షిస్తారు. మార్చి, ఏప్రిల్‌లో అంతకంటే పెద్ద రాళ్లు పడితే అద్దం పగలొచ్చు. రాళ్లవాన, గాలిదుమారం, పిడుగు, దొంగతనం, వీటికి ఇంటి బీమాలో సోలార్‌ను చేర్పించుకోవడమే దారి. గాలికి స్ట్రక్చరే లేచిపోతే మాత్రం బోల్టులు ఎట్లా బిగించారో ముందు చూడండి.

చెడిపోయినప్పుడు: ముందు ఎవరి వాటానో తేల్చండి

ఇన్వర్టర్ తెర మీది ఎర్రర్ కోడ్‌ను తేదీ, సమయం కనబడేలా ఫొటో తీయండి. గ్రిడ్ ఓవర్ వోల్టేజీ అని వస్తే మిషన్ తప్పు కాకపోవచ్చు. మీ లైన్లో వోల్టేజీ 250 దాటుతుంటే సెట్టింగ్‌ను బట్టి ఇన్వర్టర్ ఆగుతుంది. అది మన కరెంటు పంపిణీ సంస్థ ఎన్‌పీడీసీఎల్ సంగతి. 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకోండి. ఇన్సులేషన్ ఫాల్ట్ అయితే ముందు వైరింగ్, అంటే ఇన్‌స్టాలర్. తెర అసలు వెలగకపోతే, ఫ్యాన్ తిరగకపోతే ఇన్వర్టర్ కంపెనీ. ఉత్పత్తి ఉన్నట్టుండి ఒక మెట్టు కిందికి దిగి అక్కడే ఉంటే ఒక ప్యానెల్‌లో బైపాస్ డయోడ్ (జంక్షన్ బాక్స్‌లో ఉండే చిన్న భాగం) పోయి ఉండొచ్చు. డయోడ్ షార్టయితే ఆ ప్యానెల్ వోల్టేజీ దాదాపు మూడో వంతు తగ్గుతుంది, తెలిసిన ఎలక్ట్రీషియన్ మల్టీమీటర్‌తో నిమిషంలో చెబుతాడు. మీరు చేయి పెట్టకండి. పగటిపూట ప్యానెళ్ల డీసీ కరెంటు మెయిన్ ఆపినా వైర్లలో ఉంటుంది, కనెక్టర్ లాగితే మెరుపు లేస్తుంది.

ఎవరో తేలాక ఫోన్‌తో ఊరుకోకండి. "పంపిస్తా సార్", "ఈ వారం వస్తరు" అన్న మాటలకు రుజువు ఉండదు. ఈమెయిల్ లేదా వాట్సాప్‌లో రాయండి: బిల్లు నంబర్, తేదీ, సీరియల్ నంబర్లు, లోపం ఏమిటి, ఎప్పటి నుంచి, ఫొటోలు, నెలవారీ యూనిట్లు, ఎన్ని రోజుల్లో సరిచేయాలి. ఇన్‌స్టాలర్‌కూ, ప్యానెల్ కంపెనీకీ, ఇన్వర్టర్ కంపెనీకీ ఒకే ఉత్తరం ఒకేసారి పోవాలి. ఇన్‌స్టాలర్ షాపు ఎత్తేసినా తయారీ కంపెనీ వారంటీ పోదు. బిల్లు, సీరియల్ నంబర్లతో మీరే నేరుగా క్లెయిమ్ పెట్టొచ్చు. సూర్యఘర్ కింద పెట్టించుకున్నవాళ్లు జాతీయ పోర్టల్‌లో దరఖాస్తు నంబర్‌తో వెండర్ మీద ఫిర్యాదు చేయాలి. పథకం వెండర్ల జాబితాలోంచి తన పేరు పోతుందన్న భయం వెండర్‌కు ఉంటుంది, దాన్ని వాడుకోండి.

వినకపోతే: వినియోగదారుల కమిషన్

ముందు జాతీయ హెల్ప్‌లైన్ 1915. పేరున్న కంపెనీలు ఇక్కడే కదులుతాయి. కదలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్. వస్తువుకు మీరు కట్టిన ధర 50 లక్షల లోపు ఉంటే జిల్లాలోనే, 5 లక్షల లోపయితే ఫీజు కూడా లేదు. కంపెనీ గుజరాత్‌లో ఉన్నా మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు. వకీలు తప్పనిసరి కాదు, ఆన్‌లైన్లోనూ దాఖలు చేయొచ్చు.

గడువు రెండేళ్లు. లోపం బయటపడి, ఫిర్యాదుకు కారణం ఏర్పడినప్పటి నుంచి లెక్క. ఇన్‌స్టాలర్ ఇవాళ, రేపు అంటూ తిప్పించుకుంటుంటే ఆ గడువు కరిగిపోతూనే ఉంటుంది, కాబట్టి క్యాలెండర్ మీద ఒక కన్నుండాలి.

ఇన్‌స్టాలర్, ప్యానెల్ కంపెనీ, ఇన్వర్టర్ కంపెనీ, ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చండి. లేనివాడి మీదికి నెట్టే వీలు అప్పుడు ఎవరికీ ఉండదు. లోపం కళ్లకు కనిపించనిదైతే ల్యాబ్ పరీక్షకు పంపమని కమిషన్‌ను అడగొచ్చు. పరీక్ష ఖర్చు ముందు మీరే కట్టాల్సి రావచ్చు.

ఇక్కడ చట్టంలో ఒక తేడా తెలిసి ఉండాలి. ప్యానెల్ చెడిపోవడం, ఇన్వర్టర్ ఆగిపోవడం లోపభూయిష్టమైన వస్తువు, సేవాలోపం కింద వస్తాయి. మార్చాలి, బాగుచేయాలి, లేదా డబ్బు తిరిగివ్వాలి, నష్టపరిహారం కట్టాలి అని అడుగుతారు. అదే కనెక్టర్ కాలి ఇంట్లో సామాను తగలబడితే, మనిషికి షాక్ కొడితే, అది ఉత్పత్తి బాధ్యత కిందికి వస్తుంది. అందులో తయారీదారు, అమ్మినవాడు, సర్వీసు చేసినవాడు అందరూ జవాబుదారులే. తయారీదారు తాను స్పష్టంగా ఇచ్చిన వారంటీకి సరుకు తూగకపోతే, తన నిర్లక్ష్యం లేదని చెప్పినా తప్పించుకోలేడు. అమ్మినవాడు బిగించడంలో, తనిఖీలో తగిన జాగ్రత్త తీసుకోకపోయినా, కంపెనీ ఇవ్వని వారంటీ తనే సొంతంగా ఇచ్చినా బాధ్యుడే. కొటేషన్ మీద ఇన్‌స్టాలర్ చేత రాయించుకున్న ఆ నాలుగు వాక్యాలకు ఇక్కడ బరువు వస్తుంది. వస్తువులో మీరే మార్పులు చేశారని, తప్పుగా వాడారని వాళ్లు చూపిస్తే మాత్రం కేసు బలహీనపడుతుంది.

రైసుమిల్లు, కోళ్లఫారం, గోదాం మీద పెద్ద సిస్టమ్ పెట్టించేవాళ్లకు ఈ దారి సులువు కాదు. వ్యాపారం కోసం కొన్నవాళ్లను చట్టం వినియోగదారులుగా చూడదు. స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసం కొన్నవాళ్లకే మినహాయింపు. అందుకే మిల్లు యజమానులు కొటేషన్‌తో సరిపెట్టకుండా స్టాంప్ పేపర్ మీద ఒప్పందం రాసుకొని, ఆలస్యానికి పరిహారం ఎంతో, వివాదం ఏ ఊరి కోర్టులో తేలాలో ముందే పెట్టుకోవాలి.

ఫిర్యాదులో నష్టాన్ని "చాలా ఇబ్బంది పడ్డాము" అని రాస్తే సరిపోదు, లెక్కకట్టి చూపండి. పోయిన ఏడు అదే నెలల్లో ఎన్ని యూనిట్లు పుట్టాయి, ఈ ఏడు ఎన్ని, తేడాను మీ స్లాబ్ రేటుతో గుణిస్తే ఎంత. దానికి కరెంటు బిల్లులు, యాప్ స్క్రీన్‌షాట్లు, మీరు పంపిన ఉత్తరాలు, వచ్చిన జవాబులు తేదీల వరుసలో జత చేయండి. ఫైలు మూడు సెట్లతో సరిపోదు: కమిషన్‌కు, ప్రతి ప్రతివాదికి ఒక్కోటి, మీ దగ్గర ఒకటి.